పక్క సీటు వాళ్లకి దేవుడి గురించి చెప్పొచ్చా?

పోయిన వీడియోలో శ్రీకూర్మం చూశాం కదా. టైమ్ సరిపోక ఒక విషయం అందులో పెట్టలేదు, ఇక్కడ రాస్తున్నా. ఆ గుళ్లో నరహరి తీర్థుల వారి శాసనం ఉంది, 1281 నాటిది. ఆయన మధ్వాచార్యుల శిష్యులు. గంగరాజుల కాలంలో కళింగలో పాలనా బాధ్యతలు చూస్తూనే గురువుగారి ద్వైతాన్ని ఇక్కడివాళ్లకి చెప్పారు. ఉడుపి ఎక్కడ, శ్రీకాకుళం ఎక్కడ! ఒక సిద్ధాంతం అంత దూరం దానంతటది నడిచిరాదు. ఎవరో ఒకరు మోసుకొచ్చి, ముక్కూమొహం తెలియని వాళ్ల ముందు నోరు తెరవాలి. వంశధార ఒడ్డున శాలిహుండం స్తూపాలు, రామతీర్థంలో గురుభక్తులకొండ మీదున్న బౌద్ధ శిథిలాలు కూడా అలా ఎవరో వచ్చి చెప్పబట్టి ఉన్నవే.

ఇదంతా మొన్న రైల్లో జరిగిన ఒక సంగతి వల్ల గుర్తొచ్చింది. వీకెండ్‌కి ఊరెళ్తూ విశాఖలో పలాస మెము ఎక్కాను. ఎదురు సీట్లో ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాడు, చేతిలో చిన్న పుస్తకాలు. మిషనరీగా ఆఫ్రికా వెళ్లడానికి ట్రైనింగ్ తీసుకుంటున్నాడట. "రోజూ కొత్తవాళ్లతో మాట్లాడాలన్నా, అదే మా ప్రాక్టీస్" అన్నాడు. నాతో కాసేపు మాట్లాడి, పక్కన ఎండుచేపల గంపతో కూర్చున్న ముసలావిడ వైపు తిరిగి యేసు గురించి మొదలుపెట్టాడు. ఆవిడ శ్రద్ధగా విని, "సెప్పు నాయనా, ఇంటాను. నాకు మాత్రం మా పైడితల్లి సాలు" అంది. అతను నవ్వి పుస్తకం సంచిలో పెట్టేసుకున్నాడు. చీపురుపల్లిలో ఆవిడ గంప దింపి ఇచ్చాడు కూడా.

మా ఆఫీసులో ఈ మాట చెప్తే ఒకడు వెంటనే, "అసలు రైల్లో ఈ గోలేంటి, ఇవన్నీ ఆపించాలి" అన్నాడు. వాడి కోపం నాకు అర్థమవుతుంది. కానీ 1965లో ప్రభుపాదులు, దాదాపు 70 ఏళ్ల వయసులో, జలదూత అనే సరుకు ఓడలో అమెరికా వెళ్లి చేసిందేంటి? న్యూయార్క్‌లో ముక్కూమొహం తెలియని కుర్రాళ్లకి కృష్ణుడి గురించి చెప్పారు. ఆ కథకి మనం చప్పట్లు కొడతాం. సిగ్నల్ దగ్గర భగవద్గీత చేతిలో పెట్టేవాళ్లని ఎవరైనా కసిరితే మనకి బాధేస్తుంది. "మన దగ్గర అడగనివాళ్లకి చెప్పే ఆచారం లేదు" అనేవాళ్లు రామానుజుల వారిని మర్చిపోయినట్టున్నారు. రహస్యంగా ఉంచమన్న అష్టాక్షరిని తిరుక్కోష్టియూరు గోపురమెక్కి అందరికీ వినిపించారని కదా మన పెద్దలు చెప్పేది!

ఒక తేడా ఉందనుకోండి, దాన్ని దాటేసి వెళ్లడం నాకిష్టం లేదు. మన ఆచార్యులు ఎంత గట్టిగా వాదించినా, నా దారిలో రాకపోతే నువ్వు నాశనమే అనే మాట మన ఇళ్లలో పెద్దగా వినపడదు. ఆ కుర్రాడు దాదాపు అదే నమ్ముతాడు. నేను నమ్మను. కానీ కాసేపు అతని వైపు నుంచి ఆలోచించండి. ఎదుటివాడు గోతిలో పడబోతున్నాడని నిజంగా నమ్మినవాడు మర్యాద కోసం నోరు మూసుకుంటే, అదేం మంచితనం? అతని నమ్మకం తప్పని నేను వాదిస్తాను, చెప్పడం తప్పని మాత్రం అనలేను. విన్నంత మాత్రాన నా భక్తి కరిగిపోతే, లోపం అతని మాటలో లేదు.

ఇంకో అలవాటు కూడా మనకుంది. ఎవరైనా మారితే "పాపం, మోసపోయాడు" అనేస్తాం. పురుషోత్తమ చౌదరి గారి సంగతి చూడండి. 1803లో పర్లాకిమిడి ప్రాంతంలో బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు, పండితుడు. క్రైస్తవం తీసుకుని తెలుగులో ఎన్నో కీర్తనలు రాశారు. మన సంప్రదాయ బాణీల్లో ఉన్న ఆ పాటలు ఈరోజుకీ తెలుగు చర్చిల్లో పాడతారు. ఆయన నిర్ణయం నాకు నచ్చకపోవచ్చు. అంత చదువుకున్న మనిషి ఆలోచించి తీసుకున్న నిర్ణయాన్ని మోసం అంటే, ఆయన బుర్రని తక్కువ చేసినట్టే.

మరి మోసం ఎక్కడుంది? నా లెక్కలో పరీక్ష ఒక్కటే. ఎదుటి మనిషి వద్దు అనగలడా, అంటే అతనికేమైనా నష్టం జరుగుతుందా? చేపలావిడ వద్దంది, ఆవిడకేం తగ్గలేదు. నరసన్నపేట దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్లో ఒకావిడ పరిస్థితి అలా లేదు. కొడుక్కి పచ్చకామెర్లు, నెత్తిన అప్పు. ప్రార్థన చేసేవాళ్లు రోజూ వచ్చారు, బియ్యం కూడా ఇచ్చారు. అంతవరకు దండం పెట్టొచ్చు. తర్వాత "ఆదివారం రాకపోతే పిల్లాడికి మళ్లీ తిరగబెడుతుంది" అన్నారట. అది నాకు బెదిరింపులాగే వినిపించింది. భయంలో ఉన్న తల్లి ఏమని వద్దంటుంది?

ఈ కథ చెప్పి కోపం తెచ్చుకోవడం తేలికే. అమ్మమ్మని అడిగాను, ఆ నెల రోజుల్లో మన గుడి తరఫున ఆ వీధిలోకి ఎవరైనా వెళ్లారా అని. "ఆ వీధికి మనోళ్లెవరెల్తారు" అంది. ఆ వీధి ఏదో, ఎందుకెళ్లరో నేను విడిగా రాయక్కర్లేదు కదా.

సేవ, ప్రచారం రెండూ ఒకే చేతిలో ఉన్నప్పుడు ఇంకా చిక్కు. సాలూరులో క్రైస్తవ మిషన్ వాళ్ల ఫిలడెల్ఫియా కుష్టు ఆసుపత్రి ఉంది. సొంత ఇంట్లోవాళ్లే దూరం పెట్టిన మనుషుల పుండ్లు కడిగే చోటు అది. అలాంటి చోట్ల నేను అడిగేది ఒకటే. దేవుణ్ణి మార్చుకోనన్న మనిషికీ అదే మందు, అదే కట్టు, అదే ఓపిక దొరుకుతాయా? దొరికితే నాకు అభ్యంతరం లేదు. మన ట్రస్టుల అన్నదానాలనీ ఇదే ప్రశ్న అడగాలి.

చట్టం కూడా ఇంచుమించు ఇక్కడే గీత గీసింది. రాజ్యాంగం 25వ అధికరణ మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు ఇచ్చింది. 1977లో స్టానిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు, ఆ హక్కు నీ మతంలో ఉన్నదేంటో వివరించడానికే తప్ప ఎదుటివాడిని మార్చే హక్కు కాదంది. ఆ కేసులో పక్కనే ఉన్న ఒడిశా వాళ్ల 1967 చట్టాన్నీ సమర్థించింది.

ఆ కుర్రాడి ఆఫ్రికా ప్రయాణం కూడా కొత్తదేం కాదు. మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి చాలామంది చెరకు తోటల్లో కూలీకి ఒప్పందాల మీద దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లారు. 1903లో నెల్లూరు వైపు నుంచి జాన్ రంగయ్య అనే తెలుగు బాప్టిస్టు బోధకుడు వాళ్ల కోసం ఓడెక్కారు. ఆయన్ని పంపింది తెల్లదొరలు కాదు, తెలుగు బాప్టిస్టుల సొంత సంఘమే. రెండేళ్లకి, 1905లో, ఆర్యసమాజం నుంచి భాయి పరమానంద్ అదే నాటాల్‌కి వెళ్లారు. 1908లో స్వామి శంకరానంద వెళ్లారు. ఊరూ, గుడీ, భాషా దూరమైన మనుషులకి తమ మాటలో పలకరించేవాడు వస్తే ఎంత ఊరటో, విదేశాల్లో ఉన్న మన ఫ్రెండ్స్‌ని అడిగితే తెలుస్తుంది. మతం సంగతి తర్వాత, ముందు ఎవరో ఒకరు వచ్చారు.

ఒక్కచోట మాత్రం నాకు గట్టి అభిప్రాయం ఉంది. ఆమదాలవలసలో దిగబోతూ ఆ కుర్రాడు తలుపు దగ్గరున్న పదేళ్ల పిల్లాడికి బొమ్మల పుస్తకం ఇవ్వబోయాడు. "తమ్ముడూ, వాళ్ల నాన్నని అడిగి ఇవ్వు" అన్నాను. "సరే అన్నా" అని లోపలికెళ్లి అడిగాడు. ఆయన వద్దన్నాడు, ఇతను మానేశాడు. పదేళ్లవాడికి బొమ్మలే కనపడతాయి, వద్దనడం వాడికి తెలీదు. స్కూళ్లకెళ్లి పిల్లలకి పుస్తకాలు పంచే మన బృందాలకీ నేను ఇదే చెప్తా, ముందు అమ్మానాన్నల్ని అడగండి.