నల్లటి అంచు ఎవరిది?

సింగపూర్ సెరంగూన్ రోడ్డులోని శ్రీ శ్రీనివాస పెరుమాళ్ ఆలయంలో ఏదో ఉత్సవం ఉంది, దానికి వెబ్‌లో పెట్టే ఆహ్వానం తయారుచేయాలనుకుందాం. చీకటి మండపంలో తీసిన ఉత్సవమూర్తి ఫొటోను కత్తిరించి తెల్లటి పేజీ మీద పెట్టగానే దండల చుట్టూ సన్నటి మసిగీత తేలుతుంది. డిజైనర్‌కి ఇదొక విసుగు, అంతే. కానీ ఆ గీత స్వామిదా, వెనకున్న చీకటిదా, చూసేవాడి కంటిదా అని అడిగితే వేదాంతుల పాత తగవులోకి వెళ్తాం. ముత్యపుచిప్పలో వెండి కనిపించినప్పుడు, లేనిది కనిపించిందా, ఉన్నదే సరిగా తెలియలేదా? శంకరులు బ్రహ్మసూత్ర భాష్యాన్ని అధ్యాసతోనే మొదలుపెట్టారు: ఒకదాని ధర్మాన్ని మరొకదాని మీద ఆరోపించడమే భ్రమకు మూలం. రామానుజులు ఒప్పుకోలేదు. పంచభూతాలు అన్నిటిలోనూ కలిసే ఉంటాయి గనుక చిప్పలో వెండి అంశ కొంత నిజంగానే ఉంది, చూసేవాడు పట్టుకోలేకపోయింది దాని వాటానే అన్నారు. ఈ మసిగీత విషయంలో నా ఓటు రామానుజులకే.

ఎందుకో చెప్పడానికి దండ అంచున ఒక్క పిక్సెల్ చాలు. మల్లెపువ్వు తెలుపు 255, చీకటి 0. ఆ గడిలో పువ్వు 60 శాతం, చీకటి 40 శాతం పడితే, స్థూలంగా 153 నమోదవుతుంది. కత్తిరించేటప్పుడు సాఫ్ట్‌వేర్ ఆ గడికి 60 శాతం వాటా రాసి, రంగును మాత్రం 153గానే వదిలేస్తుంది. తెల్లటి పేజీ మీద ఆ రెండూ కలిస్తే 194 వస్తుంది, రావలసింది 255. చీకటిని రంగులో ఒకసారి, వాటాలో ఇంకోసారి లెక్కగట్టారన్నమాట. 153ని 0.6తో భాగించండి, మల్లె తెల్లబడుతుంది. వాటాల కూడిక సూత్రాలను కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధకులు పోర్టర్, డఫ్ 1984లోనే స్పష్టంగా రాసిపెట్టారు. జిఫ్ ఫైలుకి ఈ వాటాల గొడవే లేదు, గడి ఉంటే పూర్తిగా ఉంటుంది, లేకపోతే అసలు ఉండదు. అందుకే దాని అంచులు రంపం పళ్ళలా కనిపిస్తాయి. జేపెగ్‌కి పారదర్శకతే లేదు. గీత పోవాలని అంచును ఇంకాస్త లోపలికి కోసేవాళ్ళున్నారు. గీతతోపాటు మల్లెలూ పోతాయి.

అద్వైతి ఊరుకోడు. భాగించగానే మల్లె 255గానే బయటపడిందిగదా, ఎర్రపువ్వు పక్కనున్న స్ఫటికంలాగా అది ఎప్పుడూ మలినపడలేదుగదా, నలుపు ఉపాధి మాత్రమే, అంటే పక్కనున్నదాని రంగు అంటినట్టు కనిపించడమే అంటాడు. బలమైన వాదమే. అయితే ఆ భాగహారం ఎప్పుడు సాధ్యమైంది? వెనక ఉన్నది నలుపు, దాని విలువ సున్నా అని తెలిసినప్పుడు. నేపథ్యం ఎరుపో పసుపో తెలియకపోతే లెక్క తేలదు. మిథ్య అని కొట్టిపారేసినవాడికి తీసివేయడానికి అంకె దొరకదు. ఇదంతా వ్యావహారికం, పరమార్థాన్ని పిక్సెల్ తేల్చదు అని ఆయన అంటే, ఆ మాట ఒప్పుకుంటాను. దేవుడి పటానికి అంచు మాసినంత మాత్రాన భక్తికేం లోటు అనేవాళ్ళకి జవాబు: ఏ లోటూ లేదు, ఇక్కడ ప్రశ్న భక్తి గురించి కాదు, జ్ఞానం గురించి. సాంకేతిక లోపంలోకి వేదాంతాన్ని లాక్కొచ్చారనేవాళ్ళు మాత్రం తాడూ పామూ, చిప్పా వెండీ ఎక్కడివో గుర్తుచేసుకోవాలి. అవీ రోజువారీ పొరపాట్లే.

వెనకున్నది తెలిసినా, వస్తువు రంగూ వాటా రెండూ తెలియనప్పుడు ఏం చేయాలి? 1996లో ఆల్వీ రే స్మిత్, జేమ్స్ బ్లిన్ ఒక దారి నిరూపించారు: అదే వస్తువును, రంగు ముందే తెలిసిన రెండు వేర్వేరు నేపథ్యాల మీద ఫొటో తీస్తే, వస్తువు రంగు, దాని వాటా రెండూ తేలిపోతాయి. ఏది మారిందో, ఏది మారలేదో పక్కపక్కన పెట్టి చూడటం. అద్వైతులు ఎంతో ఇష్టంగా వాడే అన్వయ వ్యతిరేకానికి ఇది దగ్గరి చుట్టం. పద్ధతి వాళ్ళదే, అది పనిచేయడానికి మాత్రం రెండు నేపథ్యాలూ నిజమై ఉండాలి. పెరుమాళ్ గుడినే అలా చూడవచ్చు. పురట్టాసి శనివారాల్లో అది విష్ణుభక్తులతో కిటకిటలాడుతుంది. తైపూసం నాడు మురుగన్ భక్తులు కావళ్ళెత్తుకుని, టాంక్ రోడ్డు తెండాయుధపాణి ఆలయానికి బయలుదేరేదీ ఇక్కడినుంచే. ఒక్క రోజే చూసినవాడు గుడిది ఏదో, గుంపుది ఏదో విడదీయలేడు. రెండూ చూసినవాడు విడదీయగలడు, ఏ ఒక్కదాన్నీ అబద్ధం అనకుండానే.