గొడగూచి మాట

కరీంనగరము, ఆదిలాబాదు సీమ పల్లెలలో తండ్రి పేరు రెండు సందర్భములలో వినబడుచుండును. ఒకటి, ఫోను మ్రోగినపుడు. రెండవది, పిల్లవాడు మారాము చేసినపుడు. "మీ బాపు రానీ, నీ పని చెప్త" అని నాయనమ్మ బెదిరించును. 1970వ దశకములో చమురు ధర పెరిగి గల్ఫు దేశములు పనివారిని పిలిచిన నాటినుండి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల, నిర్మల్ వైపు ఊళ్లనుండి మగవారు దుబాయి, మస్కట్, సౌదీలకు పోవుచునే యున్నారు. 2016లో ఆ రెండు జిల్లాలు చీలి పెక్కు జిల్లాలైనవి గాని ఈ పయనము ఆగలేదు. బిడ్డ కడుపులో నుండగా పోయిన తండ్రి, బిడ్డ పరుగులెత్తు ఈడున తిరిగివచ్చును. పెట్టెలోని బొమ్మను చూచి దగ్గరకు వచ్చిన బిడ్డ, తండ్రి చేతులు చాపగానే తల్లి కొంగు చాటునకు పోవును.

ఇట్టి తండ్రిని దోషి యనుట న్యాయము కాదు. నీరు లేని చేను, తీరని అప్పు, చెల్లెలి పెండ్లి ఆతనిని విమానమెక్కించినవి. కాయకమును పూజగా నెంచు సంప్రదాయము చెమటోడ్చువానిని తప్పుపట్టజాలదు. విచారింపవలసినది వేరు. అన్నము, బట్ట, బడి రుసుము సమకూర్చుటతో బిడ్డ ఋణము తీరునా? తీరనిచో మిగిలిన బాకీ యేమి?

పాల్కురికి సోమనాథుడు బసవపురాణమున చెప్పిన గొడగూచి కథ ఈ ప్రశ్నకు మిక్కిలి దగ్గరిది. ఆమె తండ్రి ప్రతిదినము శివునకు పాలు ఆరగింపు పెట్టువాడు. ఊరికి పోవుచు ఆ పనిని కూతునకు అప్పగించెను. బాలిక పాలు గుడికి కొనిపోయి ముందుంచెను. శివుడు త్రాగలేదు. బుజ్జగించెను, బతిమాలెను, తుదకు తండ్రి కోపించునని వెక్కి వెక్కి యేడ్చెను. ఇక్కడ నొక్క క్షణము నిలువవలెను. ఆ పసిదాని యెదుట నున్నవాడు పరమేశ్వరుడు. ఆమె భయపడుచున్నది ఊరిలో లేని తండ్రికి. శివుడు జాలిగొని పాలు త్రాగెను. తండ్రి తిరిగివచ్చి అడుగగా స్వామి త్రాగినాడని చెప్పెను. ఆతడు నమ్మలేదు. బొంకుచున్నదని తలచెను. మరల పాలు పెట్టి చూడగా శివుడు ముట్టలేదు. తండ్రి ఆగ్రహముతో మీదికి రాగా బిడ్డ లింగమును శరణుజొచ్చి అందులో లీనమయ్యెను.

ఈ కథను భక్తి మహిమగా వినుట వాడుక. అది సరియే. కాని ఆ తండ్రిని గూర్చి తలచువారు తక్కువ. ఆతడు దుర్మార్గుడు కాడు. నియమము తప్పని భక్తుడు. శివుని యెడ బొంకుట ఆతని దృష్టిలో ఘోరపాపము. ఆ ధర్మాగ్రహమే ఆతని కన్నులు కప్పెను. తాను లేనపుడు గుడిలో నేమి జరిగెనో ఆతనికి తెలియదు. తెలిసినది బిడ్డ యొక్కతెకే. తెలియనివాడు తీర్పరి యయ్యెను, తెలిసినది నేరస్థురాలయ్యెను.

సెలవుపై వచ్చు తండ్రి స్థితియు నిట్టిదే. రెండేండ్ల లోటును నెలరోజులలో సరిదిద్దవలెనను తొందర ఆతనిది. మార్కులేల తగ్గినవి, పెట్టెలోని పైకమేమైనది, ఎవరితో తిరుగుచున్నావు అని వరుసగా అడుగును. "బాపూ, నేను తియ్యలే" అని బిడ్డ చెప్పును. ఆ మాట నిజము కావచ్చును, అబద్ధమును కావచ్చును. తేల్చుకొను ఓపిక ఆ నెలరోజులలో ఇమడదు. ఒకటి రెండుసార్లు నమ్మకము దొరకని బిడ్డ మూడవసారి చెప్పుటయే మానును. పిల్లవాడు బుద్ధిమంతుడైనాడని పెద్దలు మురిసికొందురు. నిజమునకు వాడు భయమును, దుఃఖమును దాచుట నేర్చినాడు.

వీరశైవుల యింట శిశువు పుట్టిన కొలది దినములకే లింగధారణ జరుగును. ఆ లింగము తండ్రిది కాదు, వంశముదియు కాదు; ఆ బిడ్డది. ఒకరి ఇష్టలింగమును మరియొకరు పూజింపరు. మాటలు రాకమునుపే వేరు జీవునిగా గౌరవింపబడిన బిడ్డ, మాటలు వచ్చిన పిదప నోరు మూయింపబడుట వింత.

ఇంగ్లండు వైద్యుడు జాన్ బౌల్బీ, ప్రపంచ ఆరోగ్య సంస్థ కోరగా 1951లో ప్రకటించిన నివేదికలో, తల్లి ఆదరణ కోల్పోయిన శిశువుల మనస్సు ఎట్లు దెబ్బతినునో వివరించెను. ఆయన సర్వమును తల్లిపైననే మోపినాడన్న విమర్శ కలదు. అది కొంత న్యాయమైనదే. గ్లాస్గో నగరములో షాఫర్, ఎమర్సన్ అనువారు చేసి 1964లో ప్రకటించిన పరిశీలనలో, పసిబిడ్డలు తండ్రికిని, అవ్వతాతలకును గాఢముగా చేరువగుదురని తేలెను. ఎక్కువసేపు దగ్గర నుండువారికంటె, తమ పిలుపునకు పలుకువారికే బిడ్డలు చేరువగుదురని వారు గమనించిరి. కోరుట్లలో చాట ముందేసికొని దినమునకు వేయి బీడీలు చుట్టవలసిన తల్లి బిడ్డ ప్రక్కనే యుండును. తల యెత్తుటకు తీరిక యుండదు. దగ్గర నుండియు దూరమగుట ఆమె కోరుకొన్నది కాదు.

బసవపురాణములోని బెజ్జమహాదేవి శివునకు తల్లి లేదని జాలిపడినది. తల్లి యుండిన విషము త్రాగనిచ్చునా, తోలు కట్టనిచ్చునా, వల్లకాటిలో తిరుగనిచ్చునా యని తలపోసి తానే తల్లి యయ్యెను. ఆమె కనలేదు, పట్టించుకొన్నది. ఈ సీమలోని నాయనమ్మలు ఎందరో ఆ పని పేరు లేకయే చేయుచున్నారు. వారి బెదిరింపులలో తండ్రి పేరు ఒక్కటి మానిన చాలును.

ఇక ఫోను. ఇప్పుడు అందులో ముఖమును కనబడును. "బాపుతోని మాట్లాడు" అని నాయనమ్మ దానిని పిల్లవాని చేతికిచ్చును. "మంచిగ చదువుతున్నవా?" "ఆ." "అమ్మ మాట వింటున్నవా?" "ఆ." పెక్కు ఇండ్లలో సంభాషణ ఇంతటితో ముగియును. ఏ యొక తండ్రియో "ఇయ్యాల బడిల ఏమైంది?" అని అడిగి ఊరకుండును. కొన్నాళ్లు బదులు రాదు. పిదప నొకనాడు పిల్లవాడు పెన్ను పోయిన సంగతి, దోస్తుతో కొట్లాట సంగతి, తనను దొంగ అన్నవాని సంగతి ఒక్కొక్కటే విప్పును. "నువ్వు తియ్యలేదు గద" అని ఆతడు అనును. అది ప్రశ్న వలె ఉండదు. అక్కడ పని బస్సు వచ్చి నిలుచువరకు పిల్లవాడు చెప్పుచునే యుండును.