తాళం ఎవరి దగ్గరుంది?

తుపాకి ఎందుకు కొన్నారని అమెరికన్లను అడిగితే ఎక్కువమంది ఆత్మరక్షణ కోసమే అంటారు. ప్యూ రీసెర్చ్ సెంటర్ 2023 సర్వేలో తుపాకి ఉన్నవారిలో 72 శాతం మంది దాన్ని ఒక ముఖ్య కారణంగా చెప్పారు. 1999లో వేట కోసమన్నవారు 49 శాతం, రక్షణ కోసమన్నవారు 26 శాతమే. పోనీ ఈలోగా నేరాలు పెరిగాయా అంటే, 1990ల తొలి ఏళ్లతో పోలిస్తే అక్కడ హింసాత్మక నేరాలు బాగా తగ్గాయి. ఇక కొనుగోళ్లు ఎప్పుడు పెరిగాయో చూడండి. 2012 డిసెంబరులో శాండీ హుక్ బడిలో కాల్పులకు పిల్లలు బలైనప్పుడు, ఇక చట్టాలు బిగుస్తాయేమోనని జనం దుకాణాలకు ఎగబడ్డారు. కోవిడ్, నిరసనలు ముసిరిన 2020లో తుపాకులకు సంబంధించి ఎఫ్‌బీఐ జరిపే నేపథ్య తనిఖీలు 3.9 కోట్లు దాటాయి. అంతకుముందు ఏడాది అవి 2.8 కోట్లు. ముందుచూపు ఉన్నవాడు తీరుబడిగా కొంటాడు. ఇలా పరుగులు పెట్టించింది భయమే.

భయపడటం తప్పా? కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేథాలోని ఓ బార్‌లో తెలుగు ఇంజనీరును జాతి ద్వేషంతో కాల్చి చంపారు. ఆ వార్త విన్న ఏ తెలుగు కుటుంబానికైనా గుండె ఝల్లుమనడం సహజం. పోలీసులు చేరడానికే చాలాసేపు పట్టే మారుమూల పల్లెల్లో ఉండేవాళ్ల వాదననూ కొట్టిపారేయలేం. అయితే ఇంట్లో మంటలార్పే సిలిండరు పెట్టుకున్నవాణ్ని పిరికివాడంటామా అని తుపాకి సమర్థకులు అడుగుతారు. అనం. కానీ ఆ సిలిండరు ఇంట్లోవాళ్ల ప్రాణం తీయదు. 2021లో అమెరికాలో తుపాకులకు 48 వేల మందికి పైగా బలైతే, వారిలో 26 వేల మందికి పైగా తమను తామే కాల్చుకున్నవారు. దొంగ కోసమని మంచం పక్క సొరుగులో గుళ్లు నింపి ఉంచిన పిస్తోలు, పరీక్ష తప్పిన కొడుకు చేతికో, అప్పుల్లో కూరుకుపోయిన ఇంటి యజమాని చేతికో ముందు అందుతుంది.

అందుకే సంసిద్ధతకు కొలత కొనడంలో లేదు, కొన్నాక చేసే పనుల్లో ఉంది. ఏ ప్రమాదం ఎక్కువ దగ్గరగా ఉందో లెక్కేసుకుని దానికి తగ్గ ఏర్పాటు చేసుకోవడమే సంసిద్ధత. స్విట్జర్లాండ్‌లో సైనిక సేవలో ఉన్న పౌరులు రైఫిల్ ఇంట్లోనే ఉంచుకుంటారు. కానీ వారికి శిక్షణ ఉంటుంది, 2007 నుంచి సైన్యం ఇచ్చే తూటాలను ఇళ్లలో ఉంచడం మాన్పించారు. ఇంట్లో తుపాకి ఉంచుకునేవాళ్లు దాన్ని తాళం వేసిన పెట్టెలో పెట్టాలి. అలాగైతే ఆపదవేళ దాన్ని తీసేదెప్పుడన్న అభ్యంతరం సబబే. నిజమే, కొన్ని క్షణాలు ఆలస్యమవుతుంది. క్షణికావేశంలో ఉన్న మనిషికి కూడా ఆ ఆలస్యమే అడ్డం పడుతుంది. ఈ బేరం గిట్టదనేవాడు ఎంత ధీమాగా మాట్లాడినా, అతని చేత తుపాకి పట్టించింది భయమేనని నా అభిప్రాయం.

అమెరికాలో పిల్లల్ని స్నేహితుల ఇంటికి పంపే తల్లిదండ్రులారా, మొహమాటపడకండి. ఇంట్లో తుపాకి ఉందా, ఉంటే తాళం ఎవరి దగ్గరుంది అని అడిగి మరీ పంపండి.