పడని మందు, చెప్పని మాట

"నాకు వంకాయ పడదు", "మా పెద్దవాడికి రొయ్యలు పడవు" అని మనం తరచూ అంటుంటాం. పడకపోవడం తప్పు కాదు. వడ్డించేవారితో ఒక్క మాట చెప్పుకుంటే సరిపోతుంది. అయితే పడని వస్తువు విస్తరిలో కాక మందు సీసాలో వుంటే? వున్నట్టు సీసా మీద రాసి లేకపోతే? మందు రాసిచ్చిన వైద్యునికీ ఆ సంగతి తెలియకపోతే? అప్పుడు కలిగే హానికి బాధ్యులెవరు? ఈ వారం ఈ ప్రశ్నను కాస్త నిదానంగా ఆలోచిద్దాం. ఇది తర్కం కోసం కల్పించినది కాదు. మాంసం పడని వేలాదిమంది మందుల షాపు ముందు నిలబడి అడుగుతున్న ప్రశ్న.

2000 దాటిన కొన్నేళ్ళకు అమెరికా దక్షిణ రాష్ట్రాలలో ఒక వింత జరిగింది. సెటుక్సిమాబ్ అనే కాన్సరు మందు ఎక్కించిన మొదటిసారే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, ఊపిరాడలేదు, రక్తపోటు పడిపోయింది. ఎలర్జీ రావాలంటే శరీరానికి ఆ వస్తువుతో పూర్వపరిచయం వుండాలి కదా! వర్జీనియా విశ్వవిద్యాలయ వైద్యులు థామస్ ప్లాట్స్-మిల్స్, ఆయన సహచరులు 2008లో దీని గుట్టు విప్పారు. వారు పరిశీలించిన 76 మందిలో 25 మందికి మందు వికటించింది. ఆ 25 మందిలో 17 మంది రక్తంలో, మందు ఎక్కించక మునుపే, దానిని ఎదిరించే యాంటీబాడీలు సిద్ధంగా వున్నాయి.

అవి ఎదిరించేది ఆల్ఫా-గాల్ అనే ఒక రకం చక్కెరను. ఆవు, పంది, మేక, గొర్రె, గుర్రం వంటి పాలిచ్చే జంతువుల శరీరంలో ఇది వుంటుంది. మనిషిలో వుండదు. కోడిలో, చేపలో కూడా వుండదు. ఆ కాన్సరు మందును ఎలుక కణాలలో తయారుచేస్తారు కనుక అందులోకి వచ్చి చేరింది. మరి పూర్వపరిచయం చేసినదెవరు? పిడుదు! మన వైపు కొన్నిచోట్ల గోమారి అంటారే, అటువంటిదే. అమెరికాలో లోన్ స్టార్ అనే జాతి పిడుదు కుట్టినవారిలో కొందరికి ఆ తర్వాత మాంసమే పడకుండా పోతుంది. ఆస్ట్రేలియా, స్వీడన్, జపాన్, దక్షిణాఫ్రికా దేశాలలో వేరే జాతుల పిడుదుల వల్ల ఇదే జరిగింది. తిన్న వెంటనే ఏమీ కాదు. రెండు నుండి ఆరు గంటల తర్వాత తెలుస్తుంది. రాత్రి ఎనిమిదికి తిన్న మాంసం అర్ధరాత్రి మనిషిని నిద్రలేపితే, ఆ భోజనాన్ని ఎవరు అనుమానిస్తారు? 2010 నుండి అమెరికాలో నాలుగున్నర లక్షల మంది వరకు దీని బారిన పడి వుండవచ్చునని అక్కడి ప్రభుత్వ వ్యాధి నియంత్రణ కేంద్రం 2023లో అంచనా వేసింది. నార్త్ కరోలినా, వర్జీనియాలలో మన తెలుగు కుటుంబాలు ఎన్ని వున్నాయో మీకు తెలియనిది కాదు.

మాంసం మానేయడం కష్టమే కాని అసాధ్యం కాదు. మందు సంగతి అలా కాదు. క్యాప్సూల్ పైతొడుగు సాధారణంగా జెలటిన్‌తో చేస్తారు. జెలటిన్ వచ్చేది పశువుల, పందుల ఎముకల నుండి, చర్మం నుండి. మాత్రలలో కలిపే మెగ్నీషియం స్టియరేట్ పశువుల కొవ్వు నుండి రావచ్చు, చెట్ల నూనె నుండి కూడా రావచ్చు. గ్లిజరిన్ కూడా అంతే. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ పంది పేగుల నుండి తీస్తారు. కొన్ని టీకాలలో జెలటిన్ వుంటుంది. గుండెలో అమర్చే కొన్ని కవాటాలు పందివి, ఆవువి. భయపెట్టడానికి ఇదంతా చెప్పడం లేదు. మాంసం పడనివారిలో అనేకులు జెలటిన్ క్యాప్సూళ్ళను ఏ ఇబ్బందీ లేకుండా మింగుతున్నారు. నోటి ద్వారా పోయే కొద్దిపాటి పదార్థం వేరు, నేరుగా రక్తంలోకి పెద్ద మోతాదులో ఎక్కేది వేరు. ఎవరి శరీరం ఎంత ఓర్చుకుంటుందో ముందుగా చెప్పడం కష్టం. చిక్కంతా అక్కడే వుంది.

మందుల పరిశ్రమ ఈ పైతొడుగులకు, కలుపుడు పదార్థాలకు 'నిష్క్రియ పదార్థాలు' అని పేరు పెట్టింది. సెమినరీలో తత్వశాస్త్రం చదివినవారికి ఈ మాట వినగానే ద్రవ్యం, గుణం అన్న పాత విభజన గుర్తొస్తుంది. అసలు మందు ద్రవ్యం, మిగిలినవన్నీ దాని వెంట నడిచే పరివారం అన్నమాట! కాని నిష్క్రియం అని తేల్చినదెవరు? నూటికి తొంభై తొమ్మిది శరీరాలను చూసి చెప్పిన తీర్పు అది. నూరో శరీరంలో ఆ పరివారమే రాజై కూర్చుంటుంది. వైద్యుడు నయం చేసేది 'మానవుడు' అనే సామాన్య భావనను కాదనీ, ఎదుట వున్న ఫలానా మనిషిననీ అరిస్టాటిల్ తన మెటాఫిజిక్సు ఆరంభంలోనే గుర్తుచేశాడు. వైద్యశాస్త్రం సామాన్యాన్ని బోధిస్తుంది. మాత్ర మింగేది మాత్రం ఒకే ఒక్క మనిషి.

ఇక సత్యం సంగతి. కంపెనీ అబద్ధం చెప్పిందా? లేదు. అమెరికాలో మందు కాగితం మీద 'మెగ్నీషియం స్టియరేట్' అని రాసే వుంటుంది. అది పశువుదా, చెట్టుదా అన్నది మాత్రం వుండదు. మౌనం అబద్ధం కాదని నీతిశాస్త్రం ఒప్పుకుంటుంది. అందరికీ అన్నీ చెప్పే బాధ్యత ఎవరికీ లేదు. అయితే ఎదుటివాడు నా మాట నమ్మి నోరు తెరిచినప్పుడు, అతడు తెలుసుకోలేనిది నాకు తెలిసినప్పుడు, నా మౌనానికి అంత తేలిక వుండదు. తెలుసుకునే శక్తి ఎవరికి ఎక్కువో చెప్పే బాధ్యత వారిదే.

మన దేశంలో ఈ వివాదం మరో దారిలో వచ్చింది. ఆహారపు పొట్లాల మీద ఆకుపచ్చ చుక్క మనకు అలవాటే. ప్రాణరక్షక ఔషధాలు కాని మందుల మీద, సౌందర్య సాధనాల మీద కూడా శాకాహారమో మాంసాహారమో తెలిపే గుర్తు వుండాలని 2002లో ఢిల్లీ హైకోర్టు తీర్పు చెప్పింది. 2013లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. అక్కడ వాదం మనస్సాక్షి గురించి. ఇక్కడ ఊపిరి గురించి. ఒక్క చుక్క ఈ రెండు అవసరాలనూ తీర్చలేదన్నది కూడా నిజమే, ఎందుకంటే మాంసాహారపు గుర్తు కోడిదో, పందిదో చెప్పదు.

"కొద్దిమంది కోసం అందరి మందులూ మార్చమంటారా?" అని కొందరు అడుగుతారు. మార్చమనడం వేరు, చెప్పమనడం వేరు. మొదటిదానికి ఖర్చుంది, కొన్నిచోట్ల మార్గమే లేదు. రెండవదానికి ఒక వరుస అక్షరాలు చాలు. "చెబితే జనం భయపడి అవసరమైన మందు మానేస్తారు" అన్న రెండవ ఆక్షేపణ మరింత బరువైనది. దీనికి జవాబు మన పొలాల్లోనే వుంది. పాము కాటుకు మనవాళ్ళకు ఇచ్చే విరుగుడు ఇంజెక్షను గుర్రాల రక్తం నుండి తయారవుతుంది. గుర్రంలోనూ ఆల్ఫా-గాల్ వుంది. నాగుపాము కరిచిన రైతుకు మాంసం పడదని తెలిస్తే ఇంజెక్షను మానేస్తామా? విషం ఒంట్లో పాకిన మనిషికి విరుగుడు ఇవ్వవలసిందే. అయితే తెలిసిన వైద్యుడు ఎడ్రినలిన్ సిరంజి చేతికందేలా పెట్టుకుని మరింత జాగ్రత్తగా చూస్తాడు. నిజం తెలిసినందువల్ల మందు తప్పలేదు, సిద్ధపాటు కలిగింది. పునీత తోమా అక్వినాసు వివేకాన్ని సద్గుణాలలో అంత ఎత్తున నిలిపింది ఇటువంటి నిర్ణయాల కోసమే.

కష్టమేమిటంటే, 2022లో అమెరికాలో జరిపిన సర్వేలో వైద్యసిబ్బందిలో 42 శాతం మంది ఈ జబ్బు పేరే వినలేదన్నారు. రోగి చెబితే వింతగా చూస్తారు. కాబట్టి అక్కడున్న మన పిల్లలలో ఎవరికైనా మాంసం తిన్న రాత్రి దద్దుర్లు లేస్తుంటే రక్తపరీక్ష అడగమనండి. ఆపరేషనుకు ముందు మత్తు ఇచ్చే డాక్టరుకు, గుండె డాక్టరుకు విడివిడిగా చెప్పమనండి. వాడుతున్న మాత్రను మాత్రం సొంతంగా ఆపవద్దు. ఇక ఆ మాత్ర దేనితో చేశారో తెలియాలంటే, మందుల షాపువారితోనో కంపెనీతోనో ఫోనులో మాట్లాడాలి, సీసా మీద బ్యాచి నంబరు చదివి వినిపించాలి. వచ్చిన జవాబు ఆ బ్యాచికే చెల్లవచ్చు. వచ్చే నెల మరో కంపెనీ సీసా చేతికిస్తే, మళ్ళీ మొదటినుండి అడగాలి.