ఎగిరితేనే విమానం

ఇంగ్లండులో బెడ్‌ఫర్డ్‌షైర్ పొలాల మధ్య ఓల్డ్ వార్డెన్ అనే చిన్న ఊరుంది. పాత విమానాల షటిల్‌వర్త్ సేకరణ అక్కడే ఉంటుంది. అక్కడి రన్‌వే పచ్చగడ్డి. ఆ ముత్తాత విమానాలకు గడ్డి మీద నుంచి లేవడమే పుట్టుకతో వచ్చిన అలవాటు. ప్రదర్శన రోజున జనం ఎంత కాచుకున్నా, అన్నిటికన్నా పెద్ద వయసువి పొద్దు వాలేదాకా బయటికి రావు. గాలి పడిపోవాలి. స్తంభం మీది గుడ్డగొట్టం కదలకుండా వేలాడాలి. అప్పుడు గానీ బ్లేరియో విమానాన్ని తోసుకురారు.

దాన్ని కట్టింది 1909లో. ఆ ఏడు జులై 25న లూయీ బ్లేరియో ఇంగ్లిష్ చానల్ దాటింది ఈ రకం విమానంలోనే. దీనికి ఉన్నది మూడు సిలిండర్ల అంజానీ ఇంజను. రెక్క చివర కదిలే పలకలంటూ లేవు; తీగలు లాగితే రెక్కే మెలి తిరుగుతుంది. 1912లో కూలిపోయి, లండన్‌లో ఒక రైలు వంతెన కింద మూలపడింది. ఒక ఔత్సాహికుడు దాన్ని బయటికి లాగి, బాగుచేసి, మళ్లీ ఎగరేశాడు. 1935లో రిచర్డ్ షటిల్‌వర్త్ చేతికొచ్చింది. ఇప్పుడది గడ్డి మీద పరుగెత్తి, కాస్త పైకి లేచి, తిన్నగా కొంత దూరం సాగి దిగిపోతుంది. అంతే! ఆ కాస్త ఎత్తుకే వేలమంది ఊపిరి బిగబడతారు. మనిషి నేలను వదలడం ఎంత సాహసమో ఆ నాలుగు క్షణాల్లో కళ్లకు కడుతుంది.

రిచర్డ్ పుట్టిందీ 1909లోనే. కలిగినవారి బిడ్డ, కార్ల పందేలు గెలిచినవాడు, ఎవరికీ అక్కర్లేని పాత విమానాలను ఏరి తెచ్చుకున్నవాడు. 1940 ఆగస్టులో వాయుసేన శిక్షణలో ఉండగా విమానం కూలి చనిపోయాడు. ఒక్కగానొక్క కొడుకు. ఆ తల్లి డోరతీ 1944లో కొడుకు పేర ట్రస్టు పెట్టింది. ఆమె కడుపుకోత లోకానికి ఇంత ఆకాశాన్ని మిగిల్చింది.

ఆ సేకరణలోని మరో పాత విమానం, ఆవ్రో 504, ఇంజను అందుకోగానే గాలిలో ఒక వాసన తేలుతుంది. మనకది కొత్త కాదు: కాలుతున్న ఆముదం! ఆ నాటి రోటరీ ఇంజన్లలో సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో కలిసి గిర్రున తిరుగుతాయి. లోపలికి పోయే పెట్రోలు మామూలు నూనెను కడిగేస్తుంది; ఆముదం మాత్రం దానికి లొంగదు. వాడిన నూనె వెనక్కి రాదు, పొగతోపాటు బయటికి చిమ్ముతుంది. దిగాక మెకానిక్కులు గుడ్డలు పట్టుకుని విమానం పొట్టంతా తుడవాల్సిందే. నల్గొండ చేలల్లో చూసిన ఆ గింజకు రెక్కలు మోసిన చరిత్ర కూడా ఉందంటే ఎంత ముచ్చట!

ఇక వర్క్‌షాపులో చేతుల పని చూడాలి. చెక్క చట్రానికి లినెన్ గుడ్డ తొడిగి, ప్రతి పక్కటెముకకూ మైనం పట్టించిన దారంతో కుడతారు. పైన డోపు అనే పూత పూస్తారు. ఆరేకొద్దీ గుడ్డ బిగుసుకుంటుంది. వేలితో తడితే డప్పులా పలుకుతుంది. కుట్టు ఎక్కడ వదులైందో చెయ్యి చెబుతుంది, ఇంజను ఎక్కడ తడబడుతోందో చెవి చెబుతుంది.

ఇలాంటి పనికి దక్కిన మెప్పుల్లో నాకు నచ్చింది ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధం నాటి సాప్‌విత్ ట్రైప్లేన్‌ను యార్క్‌షైర్ స్వచ్ఛంద కార్యకర్తలు కొందరు పాత నక్షాలు ముందేసుకుని కొత్తగా కట్టడం మొదలుపెట్టారు. జీతం లేదు, తొందర లేదు, రాజీ అసలే లేదు. ఆ విమానాల తయారీదారు థామస్ సాప్‌విత్ అప్పటికి పండు ముసలి. వాళ్ల పనితనం చూసి, ఇది నకలు కాదు, మా తయారీలో కాస్త ఆలస్యంగా వచ్చినదే అని తేల్చేశాడు. ఆయన 1989లో, నూటొక్కేళ్లు నిండి, కన్నుమూశాడు. విమానం 1992లో గాల్లోకి లేచింది. ఇప్పుడు ఓల్డ్ వార్డెన్‌లోనే ఉంది.

అద్దాల వెనక పెడితే విమానం ఆకారం మిగులుతుంది. దాన్ని కుట్టే, నడిపే, దించే విద్య మాత్రం ఎగరేస్తేనే మిగులుతుంది. ఎగిరిన ప్రతిసారీ అరుగుతుందని తెలిసీ ఎగరేస్తారు. అరిగినదాన్ని మళ్లీ చేసే చెయ్యి తయారవుతుందన్న ధీమాతో. ఆ చేతులకు వెయ్యి దండాలు!