పట్టినది ఎవరు?

క్రిందటి వేసవిలో మా తమ్ముని కుమారుడు అమెరికానుండి ఒక ఛాయాచిత్రము పంపెను. వాడు ఈ జంషెడ్‌పూరులోనే, కద్మాలో పుట్టి పెరిగినవాడు. చేప యనిన వానికి ఆంధ్రదేశపు చెరువులనుండి మంచుపెట్టెలలో మా అంగడికి వచ్చు బొచ్చెయే గాని, గాలము పట్టి యెరుగడు. చిత్రములో వాడు అలాస్కాలోని హోమరు రేవున, తన రొమ్మువరకు వచ్చు హాలిబట్ అను చేప ప్రక్కను నిలిచియున్నాడు. క్రింద ఒకటే మాట: “పెదనాన్నా, నేనే పట్టాను!”

అది వింతచేప. పుట్టినప్పుడు తలకు చెరియొక ప్రక్కను ఒక్కొక్క కన్ను ఉండును. పెరుగుచుండగా ఎడమకన్ను మెల్లమెల్లగా తలమీదుగా కుడివైపునకు జరుగును. పిమ్మట తెల్లని ప్రక్క అడుగుగా, నల్లని ప్రక్క పైకిగా, చల్లని సముద్రపు నేలమీద పరుండి బ్రదుకును. ఆడుచేపలు 200 కిలోలు మించియు పెరుగగలవు. పేరునకు ‘పరిశుద్ధమైన చదునుచేప’ అని మూలార్థమట. పర్వదినములలో భుజించెడివారు గనుక. భాషాంతరీకరణము నా పని యగుటచే ఈ ప్రక్కదారి పట్టితిని, చదువరులు మన్నింతురు గాక.

నాకు సంతోషమే కలిగెను. అయినను ‘నేనే’ అను మాటయొద్ద మనస్సు ఆగిపోయెను. ఫోనులో సంగతులన్నియు అడిగితిని. పడవవానికి అదే జీవనోపాధి. ఏ పోటువేళ, ఏ మిట్టయొద్ద, ఎంత లోతున చేప ఉండునో అతడెరుగును. అతని సహాయకుడు ఎర గ్రుచ్చి, బరువు కట్టి, గాలము అడుగునకు దింపెను. గాలమును సహితము చేప తనంతట తానే తగులుకొనునట్లు గుండ్రముగా వంచియుందురు; పట్టువాడు ఆత్రపడి గుంజెనా, చేప పోవును. ఊరకుండుటయే అక్కడి నేర్పు! తరువాత మావాడు చేతులు పడిపోవునంతవరకు చక్రము త్రిప్పెను. చేప పైకి రాగా కొక్కెముతో పడవలోనికి లాగినవాడు మరల ఆ సహాయకుడే.

“మరి పట్టినదెవరురా?” అని అడిగితిని. వాడు నవ్వి, “డబ్బు ఇచ్చింది నేనే కదా పెదనాన్నా!” అనెను.

డబ్బిచ్చి ఒకని శ్రమను కొనవచ్చును, అది న్యాయమే. ఒకడు చేసిన పనికి ‘నేను’ అను కర్తృపదమును కూడ కొనవచ్చునా? మా ఊరు ఈ ప్రశ్నమీదనే కట్టబడినదేమో అని నాకు తోచును. మయూర్‌భంజ్ కొండలలో ఇనుప ఖనిజమున్నదని 1904లో జంషెడ్‌జీ టాటాకు ఉత్తరము వ్రాసి తెలిపినవాడు ప్రమథనాథ బోసు. జంషెడ్‌జీ ఆ సంవత్సరమే గతించెను. ఈ పట్టణమును చూడలేదు. అయినను సాక్చీ అను పల్లె 1919లో ఆయన పేరు దాల్చెను. బోసు పేరు ఎరిగినవారు కొందరు గలరు. ఈ ప్రాంతములలో ఆయనకు పూర్వమే చిన్న కొలుములలో ఇనుము కరగించిన ఆదివాసుల పేర్లు ఎవరెరుగుదురు?

వానిని గద్దింపబోయి నేను చిక్కుకొంటిని. ఇరువది యేండ్ల క్రిందట సువార్త వ్యాఖ్యాన మొకటి తెనిగించితిని. మూలభాషలో వలలకు మూడు మాటలున్నవి. నేను మూటికిని ‘వల’ అనియే వ్రాసియుంటిని. మా సంఘములో శ్రీకాకుళపు తీరమునుండి వచ్చి, కర్మాగారములో పనిచేసి విరమించిన వృద్ధుడొకడు ఆ ప్రతి చూచి తల యూచెను. “అయ్యగారూ, పేతురు, అంద్రెయలది ఒకడు విసిరేది, విసురువల. ఉపమానంలోది పదిమంది ఒడ్డుకు లాగేది, అలివివల. అది ఒక్కడివల్ల కాదండి” అనెను. మార్చితిని. పుస్తకము వచ్చిన తరువాత ఆ మాటలనే పలువురు మెచ్చుకొనిరి. పీఠికలో ఆచార్యులకును, ముద్రాపకులకును వందనములు చెప్పితిని. ఆయన పేరు లేదు. ఆయన వెల యిచ్చి ఒక ప్రతి కొనెను, ఏమియు అడుగలేదు.

తిబెరియ సముద్రతీరమున వల ఏ వైపున వేయవలెనో చెప్పినవాడే, నూట ఏబదిమూడు చేపలు పడిన పిమ్మట, అవి శిష్యులు పట్టినవేయన్నట్లు మాటలాడెను. దారి చూపినవాడే ఘనతను వారి చేతిలో పెట్టెను. దీనిని తలంచి నేను చాలకాలము ఊరడిల్లితిని. అయితే అక్కడ ఆ మాట పలికినది చూపినవాడు. ఇక్కడ పలికినది నేను.

నెల దినములకు మావాడు మరియొక చిత్రము పంపెను. మొదటిదే, అంచు కత్తిరింపక ముందటిది. చేపకు ఆవలి ప్రక్కను తడిసిన చేతితొడుగులతో పడవవాడు సగము కనబడుచున్నాడు. పేరు కూడ కనుగొని వ్రాసెను.

నా పుస్తకము మరల ముద్రణకు పోవుచున్నది. వృద్ధుడు గతించి పదియేండ్లాయెను. సంఘములో అందరము ఆయనను ‘తాతగారు’ అనియే పిలిచితిమి. పూర్తి పేరు వ్రాయబోగా నాకు తెలియలేదు. విశాఖపట్టణములోనున్న ఆయన కుమార్తెకు ఉత్తరము వ్రాసితిని. ఇంకను జవాబు రాలేదు. పీఠికలో ఆ పంక్తి ఖాళీగా ఉంచితిని.