చంపేటప్పుడు కూడా ఇహ్సాన్

 

దిల్‌సుఖ్‌నగర్, సరూర్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతాల్లో అపార్టుమెంట్లలో ఉండేవారికి పావురాల బెడద కొత్త కాదు. బాల్కనీలు రెట్టలతో నిండిపోతాయి. వంటింట్లో ఎలుకలు బియ్యం సంచి కొరికేస్తాయి. ఈ బాధ నిజమైనదే. ఇలాంటి ఇంట్లో అబ్బాయి ఒక ఎయిర్ గన్ కొనిపెట్టమని అడిగాడనుకోండి. హాని చేసేవాటినే కదా కొట్టేది, తప్పేముంది అని తండ్రికి అనిపించవచ్చు. ఇస్లాం ఈ విషయంలో ఏం బోధిస్తుందో తెలుసుకుందాం.

మొదటి విషయం: హాని చేసే ప్రాణిని చంపే అనుమతి షరీఅత్‌లో ఉంది. ఎలుక, తేలు, కాకి, గద్ద, కరిచే కుక్క - ఈ ఐదింటిని ఇహ్రామ్ స్థితిలో సైతం చంపవచ్చని దైవప్రవక్త (స) తెలిపినట్లు బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. కనుక ఎలుకను చంపిన ఇల్లాలు పాపం చేసినట్లు కాదు. అయితే ఈ అనుమతి హానిని తొలగించడానికే గాని, వినోదానికి కాదు.

రెండవ విషయం: చంపే పద్ధతి. అల్లాహ్ ప్రతి పనిలోనూ ఇహ్సాన్‌ను విధిగా చేశాడనీ, చంపవలసి వచ్చినా, జిబహ్ చేసినా దాన్ని మంచి పద్ధతిలో చేయాలనీ, కత్తికి పదును పెట్టి జంతువుకు బాధ తగ్గించాలనీ ప్రవక్త (స) ఆదేశించారు. హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు ముస్లిం గ్రంథంలో ఉంది. బల్లిని ఒక్క దెబ్బకే చంపినవారికి ఎక్కువ పుణ్యమనీ, రెండో దెబ్బకు అంతకన్నా తక్కువనీ, మూడో దెబ్బకు ఇంకా తక్కువనీ అదే గ్రంథంలో మరో హదీసు తెలుపుతోంది. ఎన్ని దెబ్బలు పడితే ఆ ప్రాణికి అంత బాధ కదా!

మూడవ విషయం: ఆయుధం. వేళ్లతో గులకరాళ్లు విసరడాన్ని ప్రవక్త (స) నివారించారు. దానివల్ల వేట చావదు, శత్రువు ఓడడు, పన్ను విరుగుతుంది, కన్ను పోతుంది అని కారణం కూడా వివరించారు. మేడ మీద ఎయిర్ గన్ సంగతి ఆలోచించండి. సాధారణంగా దాని గుండు 0.177 అంగుళాలు, అంటే 4.5 మిల్లీమీటర్లు. గురి కాస్త తప్పితే పావురం చావదు. రెక్క విరిగి, ఏ సన్‌షేడ్ మీదో పడి, గంటల తరబడి కొట్టుకుంటుంది. ఎదురింటి పిల్లవాడి కంటికి తగిలితే ఆ చూపు మళ్లీ రాదు.

అనుభవమున్న వేటగాళ్లు కూడా ప్రాణిని బట్టి బుల్లెట్‌ను ఎంచుకుంటారు. చిన్న జంతువు కోసం చేసిన పలుచని తొడుగు బుల్లెట్ తగలగానే ముక్కలై ఆ ప్రాణిని క్షణంలో చంపుతుంది. దాన్నే అడవి పందిపై పేలిస్తే భుజం పైపైనే పగిలిపోతుంది, గుండె దాకా చేరదు. గాయపడిన పంది పొదల్లో చేరి నరకయాతన పడుతుంది. పనికి తగని బుల్లెట్ ఎంచుకోవడం మొండి కత్తితో జిబహ్ చేయడం లాంటిదే.

2016లో బీహార్‌లోని మొకామాలో పంటలు నాశనం చేస్తున్న నీల్గాయిలను ప్రభుత్వ అనుమతితో 200కు పైగా కాల్చారు. అందుకు హైదరాబాదు నుంచి షూటర్లు వెళ్లారు. దానిపై దేశంలో పెద్ద వివాదమే చెలరేగింది. రైతు నష్టం, ప్రభుత్వ ఉత్తర్వు, శిక్షణ పొందిన షూటర్లు ఉన్నచోటే ఇంత చర్చ జరిగితే, మేడ మీద సరదాకు పేల్చే గుండుకు మన దగ్గర ఏం సమాధానం ఉంటుంది?

కొందరు ఖురైష్ యువకులు ఒక పక్షిని కట్టి బాణాలకు గురిగా పెట్టడం హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) చూశారు. ప్రాణమున్నదాన్ని గురిగా చేసుకునేవారిని ప్రవక్త (స) శపించారని ఆయన హెచ్చరించారు. అన్యాయంగా చంపిన పిచ్చుక గురించి కూడా అల్లాహ్ లెక్క అడుగుతాడని నసాయీ గ్రంథంలోని హదీసు తెలుపుతోంది.

ఇక తల్లులు అడిగే ప్రశ్న: గుండు దెబ్బకు చనిపోయిన పిట్టను వండవచ్చా? ప్రాణంతో దొరికితే బిస్మిల్లాహ్ పలికి జిబహ్ చేస్తే హలాల్. జిబహ్‌కు ముందే చనిపోతే, అది దెబ్బ బలానికి చచ్చినదేనని, తినరాదని మన ప్రాంతంలోని హనఫీ పండితులు చెబుతారు. చొచ్చుకుపోయే బుల్లెట్ విషయంలో కొందరు పండితులు అనుమతించారు. అనుమానమున్నచోట దూరంగా ఉండటమే మేలు.

దేశ చట్టాన్నీ మరువరాదు. వనస్థలిపురం పక్కనున్న హరిణ వనస్థలి ఒకప్పుడు నిజాం వేట స్థలం. 1994 నుంచి అది జాతీయ పార్కు. అక్కడి కృష్ణజింకలకు, నెమళ్లకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. వీధికుక్కల బెడద ఉంటే మునిసిపల్ అధికారులకు ఫిర్యాదు చేయాలి గాని, మనమే చంపకూడదు.

కనుక బాల్కనీకి వల కట్టించండి. ఆహారం మూతపెట్టి, ఎలుకల కన్నాలు పూడ్చండి. చంపక తప్పకపోతే వెంటనే చంపే బోను వాడండి. జిగురు అట్టకు అంటుకున్న ఎలుకను రోజుల తరబడి అలాగే వదిలేయకండి. నిప్పుతో కాల్చి శిక్షించడం అల్లాహ్‌కు తప్ప ఎవరికీ తగదని ప్రవక్త (స) చెప్పారు. అబ్బాయి ఎయిర్ గన్ అడిగితే కోప్పడకుండా ఈ హదీసులు వినిపించండి.

దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాగించినందుకు పాపాలు క్షమించిన అల్లాహ్, పిల్లిని బంధించి ఆకలితో చంపిన స్త్రీని నరకానికి పంపాడు. ఆ కరుణామయుడు మన చేతుల నుండి, మన పిల్లల చేతుల నుండి మూగజీవాలను కాపాడుగాక! మన హృదయాల్లో దయను నింపుగాక! ఆమీన్.